పాత కంప్యూటరుకు కొత్త నిల్వ: బి.బి.సి. మైక్రో, మార్కాపురం పలక – ఒక చారిత్రక పరిశీలన

ప్రవేశిక

1980లలో ఇళ్ళలోకి, బడుల్లోకి వచ్చిన చిన్న కంప్యూటర్లకు తమదైన శాశ్వత జ్ఞాపకం దాదాపు లేదు. తయారీదారు చిప్పులో ముద్రించి ఇచ్చిన ప్రోగ్రాములు మాత్రం ఎప్పుడూ ఉండేవి. వాడుకరి కొట్టిన ప్రతి అక్షరమూ ర్యామ్ అనే తాత్కాలిక స్మృతిలో నిలిచి, విద్యుత్తు పోయిన క్షణాన చెరిగిపోయేది. రాసినది రేపటికి మిగలాలంటే యంత్రం వెలుపల మరొక సాధనం ఉండాలి. మొదట అది ఇంట్లో పాటలు వినే టేప్ రికార్డర్; తరువాత ఫ్లాపీ డిస్క్. నలభై ఏళ్ళు గడిచాక ఆ టేపులు, ఫ్లాపీలు శిథిలమవుతూ ఉండగా, అవే యంత్రాలకు ఎస్.డి. కార్డులను, యు.ఎస్.బి. నిల్వలను తగిలించే పద్ధతి అనేక దేశాలలో వ్యాపించింది.

దీనిని పాత వస్తువులపై మక్కువ గలవారి కాలక్షేపంగా చూడడం పరిపాటి. చరిత్ర పరిశోధకునికి ఇందులో వేరొక ప్రశ్న కనిపిస్తుంది. ఒక తరం రాతను మరొక తరం సాధనంపైకి ఎక్కించేటప్పుడు ఏది మారవచ్చు, ఏది మారకూడదు? ఈ ప్రశ్నను తేల్చుకోవడానికి రెండు వస్తువులను పక్కపక్కన ఉంచి చూడవచ్చు. ఒకటి 1980ల నడుమ భారతీయ పాఠశాలలకు చేరిన బి.బి.సి. మైక్రో కంప్యూటర్. రెండవది పశ్చిమ ప్రకాశం ప్రాంతంలో తయారై దూరప్రాంతాల బడులకు వెళ్ళిన మార్కాపురం పలక. రెండూ పిల్లల చేతికి రాత నేర్పడానికి వచ్చినవే. రెండింటిపైనా రాసినది ఎక్కువసేపు నిలవదు.

పలక: మారిన పదార్థం, మారని చట్రం

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడే వరకు కర్నూలు జిల్లాలో ఉండేవి. ఆ జిల్లాకే 1972లో ప్రకాశం పేరు వచ్చింది. నల్లమల కొండలకు తూర్పున పరచుకొన్న ఈ భూమి అడుగున ఉన్న పలకరాయిని భూవిజ్ఞానులు కడప మహాసమూహంలోని కంభం శిలాసముదాయంగా గుర్తించారు. కంభం ఊరి పేరే ఆ శిలల పేరయింది. వంద కోట్ల ఏళ్ళకు పైబడిన ఆ బురదపొరలు ఒత్తిడికి గట్టిపడి, ఒక దిశలో మాత్రమే పలుచని రేకులుగా చీలే గుణాన్ని సంతరించుకొన్నాయి. గనిలో దిమ్మగా తీసిన రాయిని ఉలితో పొరలు పొరలుగా చీల్చి, కొలతకు కోసి, నునుపు చేసి, నాలుగు వైపులా చెక్క చట్రం బిగిస్తే పలక తయారవుతుంది.

ఈ వస్తువు చరిత్రలో గమనించదగినది చట్రం. రాతి పలక బరువు, చేయి జారితే పగులుతుంది. అందువల్ల కాలక్రమంలో రేకు పలకలు, అట్ట పలకలు, ప్లాస్టిక్ పలకలు వచ్చాయి. రాయి లేకపోయినా వాటిని జనం పలక అనే అన్నారు. కారణం స్పష్టమే. పిల్లవాడి ఒడిలో ఇమిడే కొలత మారలేదు, చుట్టూ అంచు మారలేదు, అదే బలపం వాటిమీదా పలికింది, అదే తడిగుడ్డ వాటినీ తుడిచింది. బలపం పట్టిన చేతికి లోపలి పదార్థం ఏదన్నది పట్టలేదు. బలపానికీ తలానికీ మధ్య ఉన్న ఒప్పందం ఉల్లంఘన కాకపోతే చాలు. కంప్యూటర్ రంగంలో ఇంటర్‌ఫేస్ అనే మాటకు అర్థం ఇదే: రెండు వస్తువులు కలిసే చోట అవి పాటించే నియమం. రాతి పలక గిరాకీ తగ్గాక మార్కాపురం రాయి ఇళ్ళ గోడలకు, నేలలకు పరిచే పలకల రూపంలో విదేశాలకు ఎగుమతి కావడం ఆ రాయి కథలో తరువాతి అధ్యాయం. బడిపలక మాత్రం రాయిని విడిచి తన నియమాన్ని నిలుపుకొంది.

ఈ పలక వెనుక మరొక వాస్తవం కూడా ఉంది. 1987 నాటి జాతీయ బాలకార్మిక విధానాన్ని అనుసరించి 1988లో తొమ్మిది ప్రాంతాలలో ప్రత్యేక ప్రాజెక్టులు మొదలయ్యాయి. ఆంధ్రప్రదేశ్ నుండి ఎంపికైనవి రెండు: జగ్గంపేట పెంకు పరిశ్రమ, మార్కాపురం పలకల పరిశ్రమ. మధ్యప్రదేశ్‌లోని మందసౌర్ పలకల పరిశ్రమ కూడా అదే జాబితాలో ఉంది. పని మాన్పించిన పిల్లలకు ప్రత్యేక పాఠశాలలు నడపడం ఆ ప్రాజెక్టుల ప్రధాన కార్యక్రమం. అంటే ఇతర ప్రాంతాల పిల్లలు అక్షరాలు దిద్దుకొనే పలకలను తయారుచేసే పనిలో, పలక పట్టవలసిన వయసు పిల్లలే ఉన్నారు. ఇందుకు నాలుగేళ్ళ ముందే అదే కేంద్ర ప్రభుత్వం మరికొన్ని బడులకు కంప్యూటర్లు పంపడం ప్రారంభించింది. ఈ రెండు పథకాలను ఒకచోట చేర్చి చదివిన రచనలు అరుదు. ఒక దశాబ్దపు విద్యాచరిత్రకు మాత్రం రెండూ కావలసినవే.

బడికి వచ్చిన కంప్యూటర్

కేంబ్రిడ్జిలోని ఏకార్న్ సంస్థ బ్రిటిష్ ప్రసార సంస్థ కంప్యూటర్ అక్షరాస్యతా కార్యక్రమం కోసం రూపొందించిన యంత్రం బి.బి.సి. మైక్రో. 1981 డిసెంబరులో విడుదలైన దీనికి 6502 ప్రాసెసర్, 2 మెగాహెర్ట్జ్ వేగం, ‘బి’ నమూనాలో 32 కిలోబైట్ల ర్యామ్ ఉండేవి. 1984–85లో ఎలక్ట్రానిక్స్ శాఖ, విద్యా మంత్రిత్వ శాఖ కలిసి ‘క్లాస్’ పేరుతో పాఠశాలల్లో కంప్యూటర్ అక్షరాస్యతా పథకాన్ని ప్రయోగాత్మకంగా చేపట్టినప్పుడు ఎంచుకొన్న యంత్రం ఇదే. తొలి విడత సుమారు 250 మాధ్యమిక, ఉన్నత మాధ్యమిక పాఠశాలలకు పరిమితమైంది. మొత్తం మీద 12,000 యంత్రాలు రాష్ట్ర ప్రభుత్వాల ద్వారా బడులకు చేరినట్లు ప్రభుత్వ పత్రాలు చెబుతాయి. మొహాలీలోని సెమీకండక్టర్ కాంప్లెక్స్ లిమిటెడ్ ఇదే యంత్రాన్ని యునికార్న్ పేరుతో తయారుచేసింది.

ఈ యంత్రానికి అతి చవకైన బయటి నిల్వ క్యాసెట్ టేపు. అంకెలను ధ్వనులుగా మార్చి మామూలు టేప్ రికార్డర్లో భద్రపరచే పద్ధతికి 1975 నవంబరులో అమెరికాలోని కాన్సాస్ సిటీలో జరిగిన సమావేశం ఒక ఒరవడి పెట్టింది. బి.బి.సి. మైక్రో వాడినది ఆ కుటుంబానికి చెందిన పద్ధతే. సెకనుకు 1,200 బిట్ల వేగంతో, అదనపు గుర్తులు పోను, సెకనుకు నూరు అక్షరాలకు కొంచెం ఎక్కువగా నడిచేది. 20 కిలోబైట్ల ప్రోగ్రామును ఎక్కించడానికి సుమారు మూడు నిమిషాలకు పైగా పట్టేది. మధ్యలో టేపు నలిగినా, ధ్వని స్థాయి తగ్గినా టేపును కొంత వెనక్కి తిప్పి ఆ భాగాన్ని మళ్ళీ చదివించవలసిందే.

ఫ్లాపీ డిస్క్ ఈ నిరీక్షణను సెకన్లకు తగ్గించింది. 40 వలయాల డిస్కులో ఒక వైపు 100 కిలోబైట్లు, 80 వలయాల డిస్కులో 200 కిలోబైట్లు పట్టేవి. ఒక వైపు 31 దస్త్రాలకు మించి చోటు లేదు. పేరు ఏడు అక్షరాలు దాటరాదు. డిస్కు మొదటి రెండు సెక్టార్లలో ఉన్న విషయసూచిక పరిమాణమే ఆ హద్దులను నిర్ణయించింది.

నిల్వ చేర్చినందుకు చెల్లించవలసిన మూల్యం మరొకటి ఉంది. డిస్కును నడిపే వ్యవస్థ తన పనికోసం ర్యామ్‌లో కొంత భాగాన్ని ఆక్రమించుకొనేది. టేపుతో పనిచేసేటప్పుడు వాడుకరి ప్రోగ్రాము 3,584వ చిరునామా నుండి మొదలయ్యేది. డిస్కు వ్యవస్థ వచ్చాక అది 6,400కు జరిగింది. పోయినవి 2,816 బైట్లు. నేటి లెక్కలో ఇది లెక్కలోకి రాని మొత్తం. 32 కిలోబైట్ల యంత్రంలో మాత్రం టేపు మీద నడిచిన ప్రోగ్రాము డిస్కు మీద చోటు చాలక నిలిచిపోయే సందర్భాలు ఏర్పడ్డాయి. బయటి జ్ఞాపకం పెరిగినకొద్దీ లోపలి జ్ఞాపకం తరిగింది. సాంకేతిక చరిత్రలో కొత్త సౌకర్యాన్ని చేర్పుగానే వర్ణించడం అలవాటైంది కనుక ఈ తగ్గుదల సాధారణంగా దృష్టికి రాదు.

తెలుగు లిపిని ఈ యంత్రంపై చూపదలచిన వారికి ఆ 2,816 బైట్ల విలువ ఎంతో లెక్కగట్టి చెప్పవచ్చు. సాధారణ చిత్రరీతులలో ప్రతి అక్షరానికీ ఎనిమిది వరుసలు, ఎనిమిది నిలువు గడుల చతురస్రం కేటాయింపు. వాడుకరి తనకు కావలసిన ఆకారాన్ని ఎనిమిది సంఖ్యలతో నిర్వచించుకోవచ్చు. కానీ మామూలు స్థితిలో అలాంటి ఆకారాలకు 32 స్థానాలే ఉన్నాయి. అచ్చులు, హల్లులు, గుణింతపు గుర్తులు, వత్తులు కలిసిన తెలుగుకు అవి ఏ మూలకు? పూర్తి అక్షరపట్టికను మార్చుకోవాలంటే ఒక్కొక్కటి 256 బైట్ల చొప్పున ఆరు పుటలు, అంటే 1,536 బైట్లు, అదనంగా అర్పించాలి. పైగా ‘స్త్రీ’ వంటి అక్షరం ఒక చతురస్రంలో ఇమడదు. తలకట్టుకు పైన, వత్తుకు కింద చోటు కావాలి. తెరకు 10 కిలోబైట్లు తీసుకొనే చిత్రరీతిలో వరుసకు 40 అక్షరాలు, 32 వరుసలు వస్తాయి. ఒక్కో తెలుగు అక్షరానికి నాలుగు గడులు కేటాయిస్తే మిగిలేది వరుసకు 20 అక్షరాలు, 16 వరుసలు. 32,768 బైట్లలో తెర భాగం, అక్షరపట్టిక, డిస్కు వ్యవస్థ వాటాలు తీసివేస్తే ప్రోగ్రాముకు 14,592 బైట్లు మిగులుతాయి. టేపుతోనే సరిపెట్టుకొంటే 17,408. తెలుగులో పాఠం చూపాలనుకొన్న ఉపాధ్యాయుడు వేగానికీ చోటుకూ మధ్య ఒకదాన్ని వదులుకోవలసిన పరిస్థితి ఇది.

కొత్త నిల్వ పాత వేషం

నేటి నిల్వ సాధనాలను ఇటువంటి యంత్రానికి తగిలించడంలో మొదటి అడ్డంకి పరిమాణం కాదు, భాష. యు.ఎస్.బి. నిల్వతో మాట్లాడాలంటే ఎంతో జటిలమైన సంభాషణను అత్యంత వేగంగా నడపగల సామర్థ్యం కావాలి. 2 మెగాహెర్ట్జ్ యంత్రానికి అది నేరుగా సాధ్యం కాదు. 1999లో ప్రకటితమైన ఎస్.డి. కార్డులో మాత్రం ఒక అదృష్టం దాగి ఉంది. వేగవంతమైన మార్గంతో పాటు, కొద్దిపాటి తీగల మీద ఒక్కో బిట్టుగా పంపే సరళమైన మార్గాన్నీ దాని రూపకర్తలు ఉంచారు. ఆ మార్గంలో గడియారపు లయను యజమాని యంత్రమే నిర్ణయిస్తుంది. యంత్రం ఎంత నెమ్మదిగా అడిగినా కార్డు ఓపికగా బదులిస్తుంది. బి.బి.సి. మైక్రో అడుగుభాగంలో ప్రయోగాలకోసం వదిలిన యూజర్ పోర్ట్ అనే ఎనిమిది తీగల ద్వారానికి ఈ కార్డును కలపడం అందువల్లే వీలైంది. కార్డు 3.3 వోల్టుల మీద, పాత యంత్రం 5 వోల్టుల మీద పనిచేస్తాయి గనుక మధ్యలో వోల్టేజీని తగ్గించే చిన్న పలక అవసరం. ఆ జాగ్రత్త లేని అతుకు కార్డును కాల్చివేయగలదు.

తీగలు కలిపినంత మాత్రాన పని పూర్తికాదు. యంత్రానికి తెలిసినది ఫ్లాపీ ఒక్కటే. అందువల్ల ఎం.ఎం.ఎఫ్.ఎస్. అనే వ్యవస్థ కార్డులో ఒకే పెద్ద దస్త్రాన్ని ఉంచి, దానిని 200 కిలోబైట్ల చొప్పున 511 ఊహాడిస్కులుగా విభజిస్తుంది. మొత్తం సుమారు 100 మెగాబైట్లు. 4 గిగాబైట్ల కార్డులో ఇది నలభయ్యో వంతుకు దగ్గర. మిగిలిన చోటు ఈ ఏర్పాటులో వాడుకలోకి రాదు. ప్రతి ఊహాడిస్కులోనూ అవే 31 దస్త్రాలు, అవే ఏడక్షరాల పేర్లు. 1980ల పరిమితి కొత్త పదార్థంపై యథాతథంగా కొనసాగుతుంది. రాయి పోయి రేకు వచ్చినా పలక కొలత మారనట్లే, ఇక్కడ అయస్కాంతపు పూత పోయి సిలికాన్ వచ్చినా డిస్కు కొలత మారలేదు.

రెండవ మార్గం గోటెక్ అనే పెట్టె. మొదట ఇది కుట్టుపూల యంత్రాలు, సంగీత వాద్యాలు మొదలైనవాటిలో పాడైన ఫ్లాపీ డ్రైవుల స్థానంలో బిగించడానికి వచ్చిన పారిశ్రామిక వస్తువు. పాత కంప్యూటర్ ప్రియులు దానికి కొత్త ప్రోగ్రాము రాసి తమ యంత్రాలకు మలుచుకొన్నారు. దాని ఒక వైపు యు.ఎస్.బి. నిల్వ గుచ్చుకొనే చోటు, మరొక వైపు ఫ్లాపీ డ్రైవులకు వాడే 34 సూదుల కలుపు. లోపలి సూక్ష్మనియంత్రకం డిస్కు తిరుగుతున్నట్లు, తల ఒక వలయం నుండి మరొక వలయానికి జరుగుతున్నట్లు సంకేతాలు పుట్టిస్తుంది. తిరిగేది ఏదీ లేదు. విచిత్రమేమంటే ఆ నియంత్రకం వేగం తాను సేవించే కంప్యూటరు వేగానికి ఎన్నో రెట్లు. ఊడిగం చేసే వాడు దొరకంటే బలవంతుడై, దొర నడకకు తగినట్లు తన నడక తగ్గించుకొంటున్నాడు.

ఇతర యంత్రాల చరిత్రా ఇదే తీరులో సాగింది. ఆపిల్ 2కు, సింక్లెయిర్ స్పెక్ట్రమ్‌కు కాంపాక్ట్‌ఫ్లాష్ కార్డులు కలిపే పలకలు వచ్చాయి. ఆ కార్డు స్వభావతః హార్డ్ డిస్కు పద్ధతిలో మాట్లాడగలగడం అందుకు దోహదం చేసింది. 170 కిలోబైట్ల డిస్కు డ్రైవుతో, ఆ డ్రైవు నెమ్మదితనంతో పేరుపడిన కమొడోర్ 64కు ఎస్.డి. కార్డు డ్రైవులు దొరుకుతాయి.

మార్కాపురం, కంభం, గిద్దలూరుల మీదుగా పోయే గుంటూరు–గుంతకల్లు రైలుమార్గం 1990ల వరకు మీటర్ గేజి. గేజి మారే కూడలిలో సరుకును ఒక బండి నుండి దించి మరొక బండిలోకి ఎక్కించవలసి వచ్చేది. చివరకు పట్టాలనే మార్చి ఆ ఇబ్బందిని తొలగించారు. పాత కంప్యూటర్ విషయంలో పట్టాలను మార్చడం కుదరదు. మార్చితే అది పాత కంప్యూటరుగా మిగలదు. కనుక ఇక్కడ కూడలి వద్ద సరుకు మార్పిడి ఒక్కటే దారి. ఎస్.డి. కార్డు పలక, గోటెక్ పెట్టె – రెండూ అటువంటి కూడళ్ళే.

కొత్త నిల్వ కొన్ని సందర్భాలలో పాత నష్టాన్ని పూడ్చిందని కూడా చెప్పాలి. యంత్రంలో అదనపు స్మృతి బిగించుకొన్నవారు కార్డు వ్యవస్థకు కావలసిన పనిస్థలాన్ని అక్కడ ఇవ్వవచ్చు. అప్పుడు ప్రోగ్రాము తిరిగి 3,584వ చిరునామా నుండే మొదలవుతుంది. 1980లలో డిస్కు ఆక్రమించిన 2,816 బైట్లు మళ్ళీ వాడుకరి చేతికి వస్తాయి.

ఎత్తిరాత: కైఫియత్తులు, డోమ్స్‌డే

శిథిలమవుతున్న రాతను కొత్త ఆధారంపైకి మార్చడం తెలుగు పరిశోధకులకు కొత్త సంగతి కాదు. కాలిన్ మెకంజీ, కావలి సోదరులు మొదలైన సహాయకుల తోడ్పాటుతో 19వ శతాబ్దం తొలి దశకాలలో ఊరూరా సేకరింపజేసిన కైఫియత్తులు స్థానిక చరిత్రకు పునాదులు. పశ్చిమ ప్రకాశం అంతర్భాగంగా ఉన్న దత్తమండలాలు ఆ సేకరణలో ముఖ్యమైన క్షేత్రం. 1821లో మెకంజీ మరణించాక ఆ కాగితాలు పాడవుతూ ఉండగా చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ పూనికతో వాటికి శుద్ధప్రతులు తయారయ్యాయి. ‘లోకల్ రికార్డ్స్’ పేరుతో ప్రసిద్ధమైన సంపుటాలు అవే. వాటి ఆధారంగా పనిచేసే పరిశోధకుడు చదువుతున్నది ఎత్తిరాత. లేఖకుడు వర్ణక్రమాన్ని సవరించాడా, అర్థం కాని మాటను వదిలాడా, అంచున ఉన్న సంఖ్యను విస్మరించాడా అనే ప్రశ్నలు ప్రతి పుటలోనూ వెంటాడతాయి. పాఠపరిష్కరణశాస్త్రం పుట్టినదే అటువంటి ప్రశ్నల నుండి.

పాత ఫ్లాపీని కొత్త నిల్వకు మార్చడంలోనూ ఈ ప్రశ్నలే రూపం మార్చుకొని వస్తాయి. ఇందులో మూడు అంచెలను వేరుచేసి చూడాలి. దస్త్రాలను పేరుపేరునా నకలు చేస్తే కనిపించే రాత మాత్రమే వస్తుంది. చెరిపివేసిన దస్త్రాల అవశేషాలు, దస్త్రాల భౌతిక క్రమం డిస్కులోనే ఉండిపోతాయి. సెక్టారు తరువాత సెక్టారుగా మొత్తం డిస్కుకు ప్రతిబింబం తీస్తే అవీ దక్కుతాయి. ఉపాధ్యాయుడు మొదట రాసి, తరువాత తీసివేసిన పాఠం ఒక్కోసారి అందులో బయటపడుతుంది. ఇంకా లోతుకు వెళ్ళి డిస్కు ఉపరితలంపై అయస్కాంత దిశ మారిన ప్రతి క్షణాన్నీ నమోదు చేసే పరికరాలు నేడు ఉన్నాయి. నకలు చేయకుండా తయారీదారులు పెట్టిన ప్రత్యేక ఏర్పాట్లు ఆ స్థాయిలోనే పట్టుబడతాయి. ఎస్.డి. కార్డులో సాధారణంగా నడిచేది రెండవ అంచె ప్రతి. వాడుకకు అది చాలు. పరిశోధకునికి మూడవది అవసరమైన సందర్భాలు ఉంటాయి. పండితుడు పరిష్కరించిన ముద్రిత ప్రతి దగ్గర ఉన్నా తాళపత్రాన్ని చూడవలసి రావడం వంటిదే ఇది.

ఈ విషయంలో బి.బి.సి. డోమ్స్‌డే ప్రాజెక్టు కంటే పెద్ద హెచ్చరిక లేదు. 1086 నాటి ఇంగ్లండు భూసర్వే గ్రంథానికి 900 ఏళ్ళు నిండిన సందర్భంగా 1986లో దానికి సమకాలీన రూపం సిద్ధమైంది. వేలాది బడుల పిల్లలతో సహా పది లక్షల మందికి పైగా తమ తమ ఊళ్ళ వివరాలు, ఛాయాచిత్రాలు సమకూర్చారు. ఊరి సంగతులు ఊరివారే చెప్పడం అనే అంశంలో ఇది కైఫియత్తులకు దూరపు బంధువు. ఆ సమాచారం బి.బి.సి. మాస్టర్ కంప్యూటరుకు బయటి నుండి తగిలించిన ప్రత్యేక లేజర్ డిస్కు యంత్రంలోకి ఎక్కింది. ఒక్కో వైపు సుమారు 300 మెగాబైట్లు పట్టే ఆ డిస్కు నాటికి అద్భుతం. పదిహేనేళ్ళకే ఆ డిస్కులను చదవగల యంత్రాలు అరుదైపోయాయి. లీడ్స్, మిషిగన్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు పాత యంత్రాన్ని కొత్త కంప్యూటర్లో అనుకరించి ఆ సమాచారాన్ని తెరపైకి తెచ్చారు. తోలుపై సిరాతో రాసిన 1086 నాటి గ్రంథం లండన్‌లోని జాతీయ పత్రాలయంలో నేటికీ చదవడానికి వీలుగా ఉంది. డిస్కుల పూత చెడకపోయినా, వాటిని చదివే ఒప్పందాన్ని నిలిపిన యంత్రాలు పోవడమే అక్కడ జరిగిన ప్రమాదం.

కొత్త నిల్వ కూడా శాశ్వతం కాదన్నది ఇక్కడే చెప్పవలసిన మాట. ఎస్.డి. కార్డులో రాత విద్యుదావేశం రూపంలో సూక్ష్మమైన గదుల్లో బందీగా ఉంటుంది. ఏళ్ళ తరబడి వాడకుండా ఉంచితే ఆ ఆవేశం కొద్దికొద్దిగా కారిపోతుంది. కార్డులోకి ఎక్కించి బీరువాలో పెట్టి తాళం వేస్తే పని ముగిసిందనుకోవడం పొరపాటు. ఎత్తిరాతకు మళ్ళీ ఎత్తిరాత తప్పదు.

తెలుగు రాత విషయంలో మిగిలిన చిక్కు

తెలుగు ప్రాంతంలో ఈ పని మరొక మెట్టు కష్టం. భారతీయ లిపులకు ఉమ్మడి సంకేతవ్యవస్థగా ఇస్కి 1988లో రూపొంది 1991లో జాతీయ ప్రమాణంగా స్థిరపడింది. అదే ఏడాది యూనికోడ్ తొలి సంచికలో తెలుగుకు స్థానం లభించింది. ఆచరణలో మాత్రం 1990లలోనూ, ఆ తరువాత చాలా కాలమూ తెలుగు ముద్రణాలయాలు అను వంటి ఖతుల మీదే నడిచాయి. ఒక్కో ఖతిలో ఒక్కో అక్షరఖండానికి ఒక్కో సొంత సంకేతం. తెలుగు రాత ఫ్లాపీలలోకి చేరిన తీరు ఇది. అటువంటి ఫ్లాపీని ప్రతి బిట్టూ తప్పకుండా కొత్త నిల్వకు మార్చినా, ఆ ఖతి తోడు లేకపోతే తెరపై కనిపించేది అర్థం లేని రోమన్ గుర్తుల వరుస. బలపం రాత పలకపై అలాగే ఉంది, చదివే కన్ను లేదు. తెలుగు విషయంలో డిస్కుతో పాటు ఖతి దస్త్రాన్ని, దానిని నడిపిన ప్రోగ్రామును ఒకే మూటగా భద్రపరచాలి. ఆ మూటను విప్పి యూనికోడ్‌లోకి మార్చడం తరువాతి పని. తొందరపడి ముందే మార్చి, మూలాన్ని పారవేస్తే, మార్పిడిలో తారుమారైన వత్తులను సరిచూసుకొనే ఆధారం ఉండదు.

కళాశాలల తెలుగు, చరిత్ర శాఖలలో సిద్ధాంత గ్రంథాల తొలి ప్రతులు, క్షేత్రపర్యటన వివరాలు, పదకోశాలు 5.25, 3.5 అంగుళాల ఫ్లాపీలలో ఉండిపోవడం ఊహించదగిన విషయమే. పశ్చిమ ప్రకాశం ఎండ, దుమ్ము వాటికి మిత్రులు కావు. తేమ తగిలితే పూతపై బూజు పడుతుంది. పాత డ్రైవు చదవగలిగే అవకాశం ఒక్కసారికే పరిమితం కావచ్చు. బూజు పట్టిన డిస్కును డ్రైవులో తిప్పితే తల పూతను గీకివేస్తుంది. కనుక శుభ్రం చేయడం ముందు, చదవడం తరువాత. పాత బి.బి.సి. మైక్రోను అటక మీద నుండి దించినవారు కూడా నేరుగా మీట నొక్కరాదు. దాని విద్యుత్ సరఫరా పెట్టెలోని కాగితపు కెపాసిటర్లు ఏళ్ళు గడిచాక తేమ పీల్చి, పొగతో పేలిపోవడం తరచుగా జరిగేదే. ముందు వాటిని మార్పించాలి.

డిస్కు కవరుపై చేతిరాత, తేదీ, సంతకం ఉంటే వాటికి ఛాయాచిత్రం తీయాలి. ఎందుకంటే ఏడక్షరాల దస్త్రం పేరుకు అర్థం చెప్పేది ఒక్కోసారి ఆ కవరు ఒక్కటే. 5.25 అంగుళాల ఫ్లాపీకి ఒక అంచున చిన్న గాడి ఉంటుంది. ఆ గాడి తెరిచి ఉన్నంతకాలం డ్రైవు డిస్కుపై రాయగలదు. కాంతి చొరని అతుకుతో దానిని మూస్తే చదవడం మాత్రమే సాధ్యమవుతుంది. డిస్కును డ్రైవులో పెట్టేముందు ఆ అతుకు అంటించాలి.